వేసవి శిబిరాలు: చేతికీ మెదడుకూ మధ్య గోడ

మన విద్యావిధానాన్ని గురించి మాట్లాడేటప్పుడు పాఠ్యగ్రంథాలు, పరీక్షలు, బోధనాభాష, ఉపాధ్యాయుల జీతాలు చర్చకు వస్తాయి. వేసవి సెలవులు మాత్రం ఎవరి చర్చలోకీ రావు. బడి మూసివున్న ఆ నలభై యాభై రోజులకూ విద్యకూ సంబంధం లేదని మనం అనుకుంటాము. నిజానికి పదమూడు, పదిహేడేళ్ళ మధ్య వయస్సులో వున్న పిల్లలను సమాజం ఏ దృష్టితో చూస్తున్నదో తెలుసుకోవాలంటే చూడవలసినది ఆ రోజులనే. బడి జరిగినంతకాలం పేదవాని కొడుకూ, ధనికుని కొడుకూ కనీసం ఒకే పాఠం చదువుతారు. సెలవులు రాగానే ఎవరి వర్గం వారిని తన వెంట తీసుకుపోతుంది.

భద్రాచలం మన్యంలో అవి తునికాకు కోసి కట్టలు కట్టే రోజులు. అక్కడి పిల్లలు తెల్లవారకముందే తల్లిదండ్రుల వెంట అడవిలోకి పోతారు. పల్లెలో ఆడపిల్లకు సెలవులంటే ఇంటిచాకిరీ రెట్టింపు కావడమే. పట్నంలో మధ్యతరగతి కుర్రవాడికి పై తరగతి పాఠాలు ఏప్రిల్ నెలలోనే మొదలవుతాయి. ఇక డబ్బు పెట్టగలిగిన ఇళ్ళ పిల్లలకు “సమ్మర్ క్యాంపు” వుంది. ఈత, చిత్రలేఖనం, రోబో బొమ్మల తయారీ, వేదిక మీద మాట్లాడే పద్ధతి, అన్నింటికీ కలిపి ఒక ఫీజు. చేతులతో ఏదైనా చేసి నేర్చుకునే అవకాశం ఈ నలుగురిలో ఒకరికే దొరుకుతున్నది. అదీ సరుకుగా దొరుకుతున్నది.

వేసవి శిబిరం పుట్టుకతోనే సరుకు కాదు. దానికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర వుంది. ఆ చరిత్రలో అభ్యుదయ శక్తుల పాత్ర చిన్నదేమీ కాదు. మూడు ప్రశ్నలతో దానిని పరిశీలించాలని నా ఉద్దేశం. శిబిరంలోకి ఎవరిని రానిచ్చారు? అక్కడ పిల్లల చేతులు ఏం చేశాయి? విజ్ఞానశాస్త్రం పక్కన కళకు ఏ స్థానం ఇచ్చారు? తెలుగు సాహిత్యం బోధించేవాడికి ఈ విషయంతో ఏం పని అని కొందరు అడగవచ్చు. మూడవ ప్రశ్నే నన్ను ఇందులోకి దింపింది.

అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు 1861లో తన విద్యార్థులను సముద్రతీరానికి నడిపించుకుపోయి గుడారాలలో రెండువారాలు వుంచాడు. అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది. సైనికుల జీవితం మీద కుర్రవాళ్ళకు కలిగిన మోజుకు ఆయన ఈ రూపం ఇచ్చాడు. అమెరికాలో వేసవి శిబిరాల చరిత్రను ఇక్కడినుంచే మొదలుపెడతారు. అది చెల్లించగలవారి పిల్లల శిబిరం. స్విట్జర్లాండులో 1876లో జ్యూరిక్ పాస్టరు వాల్టర్ బియోన్ చేసినది వేరు. ఆయన నగరంలోని పేదల పిల్లలను 68 మందిని అప్పెంజెల్ కొండప్రాంతానికి తీసుకుపోయాడు. పాలు, గాలి, వెలుతురు, కడుపునిండా తిండి ఆయన లక్ష్యాలు. పారిశ్రామిక నగరం పిల్లల ఊపిరితిత్తులను తినేస్తున్నదని యూరపు గ్రహించిన కాలం అది. ఆ పద్ధతి ఫ్రాన్సుకూ జర్మనీకీ వ్యాపించింది. దానిలో దయ వుంది, సందేహం లేదు. కాని దయకు పాత్రుడైన పిల్లవాడు అక్కడ తూచి చూసుకోవలసిన శరీరం మాత్రమే. శిబిరానికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అతన్ని తూకం వేసేవారు. అతని మెదడును ఎవరూ పలకరించలేదు.

ఈ దయను హక్కుగా మార్చినది కార్మికోద్యమం. పారిస్ శివారులోని ఇవ్రీ పట్టణం కమ్యూనిస్టుల చేతికి వచ్చిన తరువాత ఆ పురపాలకసంఘం అట్లాంటిక్ తీరాన లే మాత్ అనే చోట తన కార్మికుల పిల్లల కోసం సెలవుల శిబిరాన్ని నెలకొల్పింది. ఖర్చులో పెద్దభాగం పట్టణమే భరించింది. మతాచార్యుని దయతో కొండకు పోయిన పిల్లవాడికీ, తన ఊరివారు ఎన్నుకున్న సంఘం పంపగా సముద్రానికి పోయిన పిల్లవాడికీ తేడా వుంది. రెండవవాడు ఎవరికీ నమస్కారం పెట్టనక్కరలేదు.

సోవియట్ దేశంలో ఈ ప్రయత్నం మరొక దారి తొక్కింది. అంతర్యుద్ధమూ ఆకలీ చుట్టుముట్టిన 1918లోనే మాస్కోలోని సొకోల్నికిలో బాలప్రకృతిశాస్త్రజ్ఞుల కేంద్రాన్ని తెరిచారు. పిల్లలు మొక్కలను, పక్షులను పరిశీలించి తమ పరిశీలనలను తామే రాసుకునేవారు. 1925 జూన్‌లో క్రిమియా తీరాన అర్తెక్ శిబిరం గుడారాలతో మొదలైంది. దాని స్థాపకుడు జినోవీ సొలొవ్యోవ్ వైద్యుడు. క్షయ ప్రమాదంలో వున్న పిల్లల ఆరోగ్యమే ఆయన మొదటి లక్ష్యం. మకరెంకో నడిపిన ద్జెర్జిన్‌స్కీ కమ్యూన్‌లో వీధిబాలలుగా తిరిగిన కుర్రవాళ్ళు 1930ల నడుమ ‘ఫెడ్’ అనే కెమెరాలను తయారుచేశారు. లెన్సు అరగదీయడంలో మిల్లీమీటరులో అతిచిన్న భాగం తేడా వచ్చినా కెమెరా పనికిరాదు. దొంగలుగా ముద్రపడిన పిల్లల చేతులు అంతటి సున్నితమైన పని చేశాయి. 1935లో లెనిన్‌గ్రాడ్‌లో యాకోవ్ పెరెల్మాన్ వినోదవిజ్ఞాన మందిరాన్ని స్థాపించాడు. “ముట్టుకోరాదు” అనే హెచ్చరిక లేని ప్రదర్శనశాల అది. యుద్ధం వచ్చి మందిరం మూతపడింది. 1942లో, నగరం ముట్టడిలో వుండగా, పెరెల్మాన్ ఆకలితో మరణించాడు.

యుద్ధానంతరం కొత్త ఘట్టం మొదలవుతుంది. 1962లో నొవొసిబిర్స్క్ శాస్త్రనగరంలో లవ్రెంత్యేవ్ నాయకత్వాన సైబీరియా అంతటికీ గణిత, భౌతికశాస్త్రాల ఒలింపియాడ్ జరిపి, గెలిచినవారిని వేసవి పాఠశాలకు పిలిచారు. మొదటి దశ ప్రశ్నలను పత్రికలద్వారా మారుమూల ఊళ్ళకు కూడా అందించారు. పిల్లలు జవాబులను తపాలాలో పంపారు. మరుసటి ఏడు మాస్కో సమీపంలో కొల్మొగొరొవ్ అటువంటి వేసవి పాఠశాలనే నడిపాడు. ఇరవయ్యవ శతాబ్దపు మహాగణితవేత్తలలో ఒకడైన ఆయన పగలు సమస్యలు చెప్పి, పిల్లలతో అడవుల్లో నడిచి, సాయంత్రం వారికి సంగీతం వినిపించి, కవిత్వం గురించి మాట్లాడేవాడు. గణితవేత్తకు సంగీతం తెలియకపోతే లోటేమిటని ఆయనను అడిగినవారు వుండివుంటారు. ఆయన ఆచరణే దానికి జవాబు.

ఈ ఘట్టాన్ని మనం మెచ్చుకొని వూరుకోరాదు. 1918 కేంద్రంలోకి ఆసక్తి వున్నవాడు రావచ్చు. 1962 పాఠశాలలోకి గెలిచినవాడే రాగలడు. అర్తెక్ కూడా క్రమంగా మంచి మార్కులకూ మంచి నడవడికకూ ఇచ్చే బహుమానమైంది. పరిశ్రమలనూ శాస్త్రపరిశోధననూ అతివేగంగా నిర్మించుకోవలసిన దేశానికి ప్రతిభ ఎక్కడున్నా వెతికిపట్టుకోవలసిన అవసరం వుంది. మారుమూల పల్లె పిల్లవాణ్ణి విద్వాంసుని ఎదుట కూర్చోబెట్టిన గొప్పతనమూ దానికి వుంది. అయినా ఏరడం మొదలయ్యాక మిగిలినవారు ఏమయ్యారన్న ప్రశ్న తప్పదు. సమసమాజం కోరే విద్య మొదటి వరుసలోని వందమందిని చూసి సంతృప్తి పడితే చాలదు.

మనదేశంలో ఈ గోడకు యూరపులో లేని బలం మరొకటి వుంది. అది కులం. ఇక్కడ చేతిపని చేసేవానికి చదువు నిషేధించబడింది. చదువుకున్నవానికి చేతిపని నీచమైంది. కుమ్మరికి మట్టి గుణం తెలుసు, కాని అది శాస్త్రమని ఎవరూ ఒప్పుకోలేదు. పండితునికి శాస్త్రం తెలుసు, కాని అతను మట్టి ముట్టుకోలేదు. ఇంగ్లీషు చదువు ఈ గోడను పడగొట్టకపోగా దానికి సున్నం వేసింది. గుమాస్తాలు కావలసిన ప్రభుత్వానికి చేతుల్లో కలం చాలు. మన కళాశాలల్లో విజ్ఞానశాస్త్రం ఈనాటికీ నోట్సు చెప్పి రాయించే శాస్త్రంగా మిగిలివుండటానికి మూలం అక్కడుంది.

ఈ గోడను గుర్తించినవారిలో రవీంద్రుడు ఒకడు. ఆయన 1924లో ప్రారంభించిన శిక్షాసత్రలో పల్లెల పేదపిల్లలు తోటపని, నేత, వంట, పాట కలిపి నేర్చుకున్నారు. 1930లో మాస్కో వెళ్ళినప్పుడు ఆయన అక్కడి పయనీర్ బాలల కమ్యూన్‌ను చూసి ముగ్ధుడైనాడు. రష్యా లేఖలలో విద్యావ్యాప్తి గురించి ఆయన చెప్పిన మాటలు వలసప్రభుత్వానికి కంటగింపైనవి. 1937లో, డెబ్బయ్యారేళ్ళ వయస్సులో, ఆ మహాకవి పిల్లలకోసం ‘విశ్వపరిచయ్’ అనే విజ్ఞానగ్రంథం రాసి సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. కళకూ శాస్త్రానికీ మధ్య ఆయనకు వైరం కనిపించలేదు. అయితే భద్రలోకుల పిల్లలు శాంతినికేతనంలో, పల్లె పిల్లలు శిక్షాసత్రలో చదివారన్నది మరువరాదు. గోడ పూర్తిగా పడలేదు.

ఆ 1937లోనే వార్ధా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా వుండే విద్యను ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి ప్రణాళిక తయారుచేసింది. చేతిపనిని చదువు నడిమధ్యకు తేవడం సాహసమే. కాని పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్ళాలన్న కోరిక ఆ సాహసాన్ని కుంటిదాన్ని చేసింది. అమ్మకం లక్ష్యమైనచోట పిల్లవాడు తప్పు చెయ్యడానికి వీలుండదు. తప్పు చెయ్యడానికి వీలులేనిచోట ప్రయోగం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక రాట్నం పల్లె పిల్లలకు మిగిలింది. ప్రణాళికలు రాసిన అధికారుల పిల్లలు కాన్వెంటుకు పోయారు.

గోడను నిజంగా కదిలించిన ప్రయత్నం 1972లో నర్మదాతీరంలో మొదలైంది. ఈనాడు నర్మదాపురంగా పేరు మార్చిన హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో, కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి ఒక విజ్ఞానబోధనా పథకాన్ని ప్రారంభించాయి. టాటా పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు దానికి చేయూతనిచ్చారు. 1978లో ఆ పథకం జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి దాని బాధ్యత స్వీకరించింది.

అక్కడ జరిగిన పని ఏమిటి? పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చునేవారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే పుస్తకం ఏం చెయ్యాలో చెప్పేది, ఏం తేలుతుందో చెప్పేది కాదు. తేలినది పిల్లలే తమ మాటల్లో రాసుకోవాలి. నాలుగు జట్లకు నాలుగు రకాల ఫలితాలు వస్తే ఎందుకు వచ్చాయో వాదించుకోవాలి. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ఎందుకంటే జవాబు పుస్తకంలో లేదు. సందేహం వున్నవారు “సవాలీరాం” అనే కల్పితవ్యక్తికి ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది. ఇక వేసవిలో? వేసవి సెలవుల్లో పల్లె ఉపాధ్యాయులు శిక్షణశిబిరాలలో కూడి, పిల్లలు చెయ్యబోయే ప్రయోగాలన్నీ తాము ముందుగా చేసేవారు. డాక్టరేట్లు పొందిన శాస్త్రజ్ఞుడూ, మాధ్యమిక పాఠశాల మేష్టారూ ఒకే బల్ల ముందు నిలబడి ఒకే గాజుగొట్టం పట్టుకున్నారు. 1978లో టెల్కో ఉద్యోగం నుంచి సెలవుపెట్టి అక్కడికి వెళ్ళిన ఇంజనీరు అరవింద్ గుప్తా సంతలో దొరికే సైకిల్ వాల్వుట్యూబునూ అగ్గిపుల్లలనూ కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టే పద్ధతి కనిపెట్టారు. విదేశీ బొమ్మలపెట్టె కొనలేని పిల్లవాడికి రేఖాగణితం చేతికందింది.

ముప్పై ఏళ్ళు నడిచిన ఈ పథకాన్ని 2002 జులైలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం మూసివేసింది. శాస్త్రజ్ఞుల విజ్ఞప్తులు, ఉపాధ్యాయుల నిరసనలు ఫలించలేదు. ప్రశ్న అడిగే పిల్లవాణ్ణి ప్రభుత్వం ఎంతకాలం భరిస్తుందో ఈ తేదీ చెపుతుంది. రాజ్యాంగంలో 1976 నుంచి శాస్త్రీయదృక్పథాన్ని పెంపొందించడం పౌరుని విధిగా రాసివుంది. విధి పౌరునిది. దానికి తగిన బడిని మూసే అధికారం మాత్రం ప్రభుత్వానిది.

దక్షిణాన ఇదే పని మరొక రూపంలో సాగింది. 1962లో పుట్టిన కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తు, 1980 నుంచి కళాజాతాలద్వారా పాటతో, వీధినాటకంతో శాస్త్రాన్ని ఊరూరికీ నడిపించింది. 1987 భారత జనవిజ్ఞానజాతా తరువాత, 1988లో తెలుగునేలపై జనవిజ్ఞానవేదిక ఏర్పడింది. ఏకలవ్యవారు 1985లో ప్రారంభించిన పిల్లల పత్రిక పేరు ‘చక్‌మక్’. జనవిజ్ఞానవేదిక పిల్లల పత్రిక పేరు ‘చెకుముకి’. రెండూ ఒక్క మాటే. రాయీ ఇనుమూ రాపాడితే వచ్చే నిప్పు అది. చెయ్యి కదలందే ఆ నిప్పు పుట్టదు.

కళను ప్రజల చేతికివ్వడంలో తెలుగువారు ఎవరికీ తీసిపోరు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను కరువు గురించి, దున్నేవానికి భూమి గురించి మాట్లాడించింది. 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో స్థాపించిన ఆంధ్ర బాలానంద సంఘం పిల్లలచేతనే పాడించి, ఆడించి, రేడియోలో మాట్లాడించింది. మనకు లేనిది కళాసంప్రదాయం కాదు. కళనూ శాస్త్రాన్నీ ఒకే చేతికిచ్చే అలవాటు మనకు లేదు. శిబిరాలలో సైతం పొద్దున శాస్త్రమూ, అలసిపోయాక పాటా పెడుతున్నాము. కళ అక్కడ విశ్రాంతి, లేదా అలంకారం.

ఇది ఎంత పొరపాటో మన ఇంటి వస్తువులే చెపుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తాడు. ఇనుపముక్కలను బెల్లంనీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రవంలో కలం ముంచి గీస్తాడు. గీత గుడ్డను తాకిన క్షణాన నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుములవణంతో కలిసి ఆ నలుపునిస్తున్నది. పటిక రాసినచోట చిరివేరు ఎర్రగా పట్టుకుంటుంది, రాయనిచోట నీళ్ళలో పోతుంది. పదిహేనేళ్ళ విద్యార్థి ఒక పూట ఈ పని చేస్తే అతనికి రసాయనశాస్త్రమూ చిత్రకళా విడివిడిగా కనిపించవు. తోలుబొమ్మను తెర నుంచి దీపం వైపు జరిపితే నీడ ఎందుకు పెరుగుతుందో, ఎందుకు అంచులు మసకబారుతాయో అడిగిన పిల్లవాడు కాంతిశాస్త్రం చేస్తున్నాడు. రావణుడు సీతముందు ఎందుకు అంత పెద్దగా కనిపించాలో ఆలోచించినవాడు నాటకశాస్త్రం చేస్తున్నాడు. నీడ ఒక్కటే.

మరొక వుదాహరణ. హంపీ విరూపాక్షాలయంలో వెనుకనున్న గదిగోడపై గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. దానిని మహిమగా చెప్పేవారున్నారు. పదకొండవ శతాబ్దపు తొలిదశకాలలో కైరోలో ఇబ్న్ అల్ హైతమ్ చిన్నరంధ్రం గుండా వచ్చే కాంతిని పరిశీలించి రాశాడు. అట్టపెట్టెకు ఒకవైపు సూదితో రంధ్రం పొడిచి, రెండోవైపు నూనె రాసిన కాగితం అతికిస్తే చాలు, ఎదుటి వేపచెట్టు తలకిందులుగా కాగితంపై నిలుస్తుంది. ఆ పెట్టె చేసిన పిల్లవాడు హంపీ వెళ్ళినప్పుడు మహిమ కనిపించక నిరాశపడడు. ఏ పనివాడు ఆ రంధ్రాన్ని అక్కడ నిలిపాడో అని ఆశ్చర్యపడతాడు. దేవుని నుంచి మనిషి వైపు ఆశ్చర్యాన్ని మళ్ళించడమే శాస్త్రీయదృక్పథానికి తొలిమెట్టు.

ఇప్పుడు ఈనాటి స్థితి. ఇంటర్మీడియట్‌లో మార్కులు ఎక్కువ వస్తాయని తెలుగు విడిచి సంస్కృతం తీసుకునే విద్యార్థులను నేను ఏటేటా చూస్తున్నాను. వారికి సంస్కృతం మీద ప్రేమ లేదు, తెలుగు మీద ద్వేషమూ లేదు. చదువుకు మార్కు ఒక్కటే కొలత అయినప్పుడు భాష కూడా ఒక లెక్క. అట్లాగే ప్రయోగశాల తలుపు తెరవకుండా ప్రయోగాల రికార్డు చూచిరాసి మార్కులు తెచ్చుకున్నవారు నా తరగతిలో కూర్చుంటారు. తెలివిలో వారికి లోటు లేదు. వారి చేతులను ఎవరూ నమ్మలేదు, అంతే. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పదిరోజులు పుస్తకాలసంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుల వద్ద పిల్లలు నేర్చుకోవాలన్నది. వినడానికి బాగుంది. కాని ఆ కుమ్మరి బడిలోకి గురువుగా వస్తాడా, పిల్లల వినోదానికి ప్రదర్శనవస్తువుగా వస్తాడా? అతనికి గురువుకిచ్చే వేతనం ఇస్తారా? ఈ ప్రశ్నలకు జవాబు రానంతవరకు ఆ పదిరోజులు ధనికుల బడిలో విహారయాత్రగా, పేదల బడిలో కాగితంపై గీతగా మిగులుతాయి.

మన మిత్రులలోనే కొందరికి రెండు అభ్యంతరాలున్నాయి. వ్యవస్థ మారకుండా శిబిరాలు పెట్టడం చిల్లర సంస్కరణ అన్నది మొదటిది. వ్యవస్థ మారాలి, నిజమే. మార్చవలసినవారు ఎక్కడినుంచి వస్తారు? తాను చూసినదానిని నమ్మి, పుస్తకంలో రాసినదానిని ప్రశ్నించి, పక్కవానితో వాదించి ఒక నిర్ణయానికి వచ్చే అలవాటు సభలో ఉపన్యాసం వింటే రాదు. ప్రజానాట్యమండలి పాటగాళ్ళు కూడా విప్లవం వచ్చాక పాడదామని ఆగలేదు. రెండవ అభ్యంతరం, ప్రతిభావంతులకే ఇటువంటి శిబిరం ఉపయోగమని. దీనికి హోషంగాబాదు సమాధానం చెప్పింది. అక్కడ ఎవరినీ ఏరలేదు. జిల్లాలోని మామూలు సర్కారు బడి పిల్లలందరూ ఆ పని చేశారు.

కాబట్టి మనం కోరవలసినది స్పష్టంగా వుంది. ప్రతి మండలంలో ఒక ప్రభుత్వోన్నత పాఠశాల వేసవిలో పదిహేను రోజులు తెరిచివుండాలి. ప్రవేశపరీక్ష వుండరాదు, ఫీజు వుండరాదు. మధ్యాహ్నం అన్నం పెట్టాలి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్నభోజనం కొనసాగించాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. తునికాకుకు పోయే పిల్లలున్నచోట ఆ పంటకాలం ముగిశాక శిబిరం పెట్టాలి. ఆడపిల్లలు వచ్చి, చీకటిపడకముందే ఇల్లు చేరే వీలుండాలి. కలంకారీ చేసేవారు, బొమ్మలాడించేవారు, కుమ్మరులు అక్కడ గురువులుగా, గురువులకు తగిన వేతనంతో వుండాలి. ఉపాధ్యాయులు ముందుగా ఆ పనులన్నీ తాము చేసి చూడాలి.

ఇందులో ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వంచేత చేయించడానికి పోరాడాలి. మన సంఘాలు తమంత తాము చేయగలిగినది ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. అట్టపెట్టె, సూది, నూనెకాగితం, కరక్కాయ, బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కొనడానికి ఏ నిధీ అక్కరలేదు. కావలసినది పిల్లల ముందు నేలమీద కూర్చోగలిగిన అధ్యాపకులు. పదేళ్ళుగా పాఠం చెపుతూ, నిలబడి మాట్లాడటమే బోధన అనుకునే మన వృత్తిలో అదే అన్నిటికంటె కష్టమైన పని.